ఫేజుల వారీ ప్రాజెక్టు: మొదటి ఫేజు పూర్తి కాకుండానే సంతకం అడుగుతున్నారు, ఏం చేయాలి?

పెన్నాతీరం

అందరికీ నమస్కారం. పెద్దల సలహా కోసం ఈ చర్చ మొదలుపెడుతున్నాను. పేర్లు చెప్పలేను, ఏమీ అనుకోవద్దు.

ఒక జిల్లా సహకార బ్యాంకుకి పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెడుతున్నాం. నేను టీమ్ లీడ్‌ని. కాంట్రాక్టు ఫిక్స్‌డ్ ప్రైస్. పని మొత్తం ఐదు ఫేజులు: అవసరాల సేకరణ, డిజైన్, కోడింగ్, టెస్టింగ్, ఆ తర్వాత శాఖల్లో అమలు. ఒక ఫేజు అయిపోయిందని బ్యాంకు వాళ్లు సంతకం పెడితేనే ఆ బిల్లు పాసవుతుంది. అప్పుడే తర్వాతి ఫేజు మొదలుపెట్టాలి.

ఇప్పుడు మొదటి ఫేజు చివర్లో ఉన్నాం. డాక్యుమెంటు బాగానే లావుగా తయారైంది గానీ, బంగారు రుణాలు, పంట రుణాలు వచ్చే చోట "తర్వాత ఖరారు చేయబడును" అని రాసి వదిలేసినవి చాలా ఉన్నాయి. ఇప్పటిదాకా మాట్లాడింది హెడ్డాఫీసు వాళ్లతోనే. కౌంటర్లో కూర్చునే వాళ్లని ఒక్కరినీ కలవలేదు. మా మేనేజర్ "క్వార్టర్ ముగిసేలోపు సంతకం తీసుకో, మిగతాది డిజైన్‌లో సర్దుకుందాం" అంటున్నారు. టీమ్‌లో కుర్రాళ్లేమో ఈ ఫేజుల పద్ధతే పాతబడిపోయింది, స్ప్రింట్లకి, అంటే రెండేసి వారాల చిన్న విడతలకి మారిపోదాం అంటున్నారు.

సంతకం తీసుకోవాలంటే మనసొప్పడం లేదు. వద్దందామంటే బిల్లు ఆగుతుంది. టెన్షన్‌గా ఉంది. మీరైతే ఏం చేస్తారు?

మానేరు

అన్నా, కుర్రాళ్ల మాటే కరెక్ట్. 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది కూర్చుని, చిన్న చిన్న విడతల్లో పని చేసి చూపించే అజైల్ పద్ధతి మీద ప్రకటన రాసిందే ఈ బాధ పడలేక. ఆరు నెలలు కాగితాలు రాసి, ఆరు నెలలు కోడ్ రాసి, చివర్లో క్లయింట్‌కి చూపిస్తే "మేం అడిగింది ఇది కాదు" అంటాడు. రెండు వారాలకోసారి పనిచేసే ముక్క ఒకటి చూపించు. తప్పుంటే రెండు వారాల్లోనే తెలిసిపోతుంది. ఆ డాక్యుమెంటు సంతకమైనా, కాకపోయినా ఎవరూ మళ్లీ తెరిచి చూడరు.

పాతకాపు

మానేరు గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఫేజుల పద్ధతిని తిట్టేముందు దాన్ని మెట్ల బొమ్మగా గీసి చూపించిన మనిషి ఏమన్నాడో చూడాలి. ఈ విషయం నాకు చాలా ఇష్టం, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

1970లో విన్‌స్టన్ రాయిస్ అనే అమెరికన్ ఇంజినీరు ఒక సదస్సులో చిన్న పత్రం చదివారు. అంతరిక్ష నౌకల సాఫ్ట్‌వేర్ చేసిన అనుభవం ఆయనది. మనందరం చూసిన ఆ మెట్ల బొమ్మ అందులోదే: అవసరాలు, విశ్లేషణ, డిజైన్, కోడింగ్, టెస్టింగ్, నిర్వహణ, ఒక్కో మెట్టూ దిగుతూ. ఆ బొమ్మ కిందనే ఆయన రాసిందేమిటంటే, ఈ ఆలోచన మీద నాకు నమ్మకం ఉంది గానీ ఇలా ఉన్నదున్నట్టు అమలు చేస్తే ప్రమాదం, విఫలమవుతుంది అని. కారణం కూడా చెప్పారు. టైమింగ్, మెమరీ, డేటా రాకపోకలు లెక్క తప్పాయని నిజంగా బయటపడేది టెస్టింగ్‌లోనే. అది చివర్లో ఉంది. అక్కడ దెబ్బ తగిలితే డిజైన్ దాకా, ఒక్కోసారి అవసరాల దాకా వెనక్కి వెళ్లాలి. ఖర్చు రెట్టింపు అయినా ఆశ్చర్యం లేదు అన్నారు.

పత్రంలో మిగతాదంతా దీనికి మందు. కోడింగ్‌కి చాలా ముందే డిజైన్ రూపురేఖలు వేసుకోండి. ప్రతిదీ రాసి పెట్టండి. టెస్టింగ్‌ని ముందునుంచే ప్లాన్ చేయండి. క్లయింట్‌ని మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కాదు, మధ్యలో కూడా కట్టుబడేలా కూర్చోబెట్టండి. అన్నిటికన్నా నాకు నచ్చింది, పని రెండుసార్లు చేయమనడం. 30 నెలల ప్రాజెక్టు అయితే, 10 నెలల్లో ఒక నమూనా కట్టి చూడమన్నారు. ఏది కష్టమో, ఎక్కడ మన అంచనా తప్పో ఆ నమూనాలో తేలిపోవాలని.

డాక్యుమెంటు ఎవరూ చూడరని మీరన్నారు. ఆయన లెక్క వినండి. 50 లక్షల డాలర్ల హార్డ్‌వేర్ కొనడానికి 30 పేజీల వివరణ చాలు. అదే 50 లక్షల డాలర్ల సాఫ్ట్‌వేర్‌కి 1,500 పేజీలు కావాలి. ఎందుకంటే యంత్రమైతే ఎదురుగా కనబడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో కోడ్ రాసేదాకా కాగితం తప్ప చేతిలో ఏమీ ఉండదు.

మరి ఇంత చెబితే లోకం పట్టుకున్నదేమిటి? మొదటి బొమ్మ. 1985లో అమెరికా రక్షణశాఖ ప్రమాణం 2167 వచ్చాక కాంట్రాక్టులన్నీ ఆ వరసలోనే నడిచాయి. బిల్లులు కూడా ఆ మెట్లకే కట్టారు. 1994లో దాని బదులు ఇంకాస్త సడలింపుతో కొత్త ప్రమాణం తెచ్చారు. అప్పటికే ఆ అలవాటు సర్వీస్ కంపెనీలన్నిటికీ పాకిపోయింది.

కాబట్టి పెన్నాతీరం గారూ, మీ ఇబ్బంది ఫేజులు ఉండటం వల్ల వచ్చింది కాదు. పూర్తి కాని ఫేజుకి పూర్తయిందని సంతకం అడగటం వల్ల వచ్చింది.

లెడ్జర్

నేను సహకార బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. కంప్యూటర్ల సంగతి నాకు అంతగా తెలియదు గానీ, "బంగారు రుణాలు తర్వాత ఖరారు" అన్న మాట చదవగానే ఊరుకోలేకపోయాను.

బాబూ, హెడ్డాఫీసులో అడిగితే బంగారు రుణం అంటే మూడు మాటల్లో తేల్చేస్తారు: ఇవ్వడం, రెన్యువల్, ముగింపు. శాఖలో జరిగేది వేరు. ఉదాహరణకి ఒకావిడ హారం, నాలుగు గాజులు, ఒక జత దిద్దులు కుదువ పెట్టింది. అప్రైజర్ తూకం వేసి మొత్తం బరువు, రాళ్లూ లక్కా తీసేసి నికర బరువు, నాణ్యత రాస్తాడు. అన్నీ ఒకే సంచిలో పెట్టి సీలు వేస్తాం. ఒక లోన్ నంబరు, ఒక సంచి. నాలుగు నెలలకి ఇంట్లో పెళ్లి వస్తుంది. ఆవిడ వచ్చి "సగం డబ్బు కడతాను, హారం ఒక్కటీ ఇవ్వండి, గాజులు మీ దగ్గరే ఉండనివ్వండి" అంటుంది. శ్రావణం వచ్చిందంటే ఇలాంటి వాళ్లు రోజూ వస్తారు.

పాత సాఫ్ట్‌వేర్‌లో దీనికి దారే లేదు. మా గుమాస్తాలు ఏం చేసేవారంటే, పాత లోన్ క్లోజ్ చేసి, అదే రోజు మిగతా నగల మీద కొత్త లోన్ తెరిచేవారు. కొత్త నంబరు, కొత్త తేదీ, అప్రైజర్ సంతకం మళ్లీ. రెండు లోన్లకీ సంబంధం ఉందని చెప్పేది రిజిస్టర్లో పెన్నుతో రాసిన ఒక్క గీతే. ఆడిట్ వాళ్లు వచ్చినప్పుడల్లా అదే గొడవ.

ఇది కౌంటర్ మీద కూర్చున్న మనిషికి తప్ప ఇంకెవరికీ తట్టదు. ఎందుకంటే హెడ్డాఫీసుకి వెళ్లే స్టేట్‌మెంట్లో అవి మామూలు ముగింపు, మామూలు కొత్త లోన్‌గానే కనిపిస్తాయి.

పంట రుణాలు కూడా అంతే. 3 లక్షల లోపు స్వల్పకాలిక పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోపు కడితే కేంద్రం ఇంకో 3 శాతం రాయితీ ఇస్తుంది, రైతుకి పడేది 4. గడువు ఒక్కరోజు దాటినా ఆ 3 శాతం పోతుంది. చివరి రోజు సెలవైతే ఎలా? రైతు సొసైటీలో కట్టిన తేదీ లెక్కా, డబ్బు బ్యాంకులో జమైన తేదీ లెక్కా? మీ డాక్యుమెంటులో ఇది లేకపోతే రేపు నష్టపోయేది రైతు. దయచేసి శాఖలకి వెళ్లండి.

పెన్నాతీరం

లెడ్జర్ గారూ, మీకు చేతులెత్తి నమస్కారం. మా డ్రాఫ్ట్ డిజైన్‌లో ఒక లోన్‌కి ఒకే సంచి, ఒకే బరువు అని పెట్టుకున్నారు. నగలకి విడి పట్టికే లేదు. దాని మీద కోడ్ రాసేశాక హారం ఒక్కటి విడిపించాలంటే బరువు, వడ్డీ, సంచి నంబరు, రిపోర్టులు, ఆడిట్ అన్నీ కదిలించాలి.

మానేరు

ఇదే కదా నేనన్నది! రెండో స్ప్రింట్‌లో ఆ స్క్రీన్ గుమాస్తాకి చూపించి ఉంటే అప్పుడే చెప్పేవాడు.

గోదారి_ఇంజినీర్

ఇరిగేషన్‌లో పనిచేసినవాణ్ణి, మా వైపు నుంచి ఒక మాట. వరస తప్పితే ఏమవుతుందో తెలుగువాళ్లకి పోలవరం కన్నా పెద్ద పాఠం లేదు. రాజకీయం జోలికి పోకుండా పని క్రమం మాత్రమే చెబుతాను.

నది మధ్యలో మట్టి, రాతి డ్యాం కట్టాలంటే ముందు వరద నీరు బయటికి పోయే స్పిల్‌వే కట్టాలి. పోలవరంలో అది 48 గేట్లతో, 50 లక్షల క్యూసెక్కుల వరదని తట్టుకునేలా ఉంది. నదిని అటు మళ్లించాలి. తర్వాత నదికి అడ్డంగా ఎగువన, దిగువన కాఫర్ డ్యాంలు, అంటే పని జరిగే చోటికి నీళ్లు రాకుండా ఆపే అడ్డుకట్టలు పూర్తి చేయాలి. ఆ రెండిటి మధ్య నీళ్లు తోడేసి, వరద భయం లేని చోట ప్రధాన డ్యాం లేపాలి. ఆ డ్యాం కింద ఇసుకలోంచి నీరు ఊరిపోకుండా రాతి పొర దాకా దించే కాంక్రీటు గోడే డయాఫ్రం వాల్.

ఆ గోడ 2018లో పూర్తయింది. అప్పటికి స్పిల్‌వే నదిని తీసుకునే స్థితిలో లేదు. కాఫర్ డ్యాంలూ పూర్తి కాలేదు. 2019 వరద వచ్చింది. అంత గోదావరీ పూర్తికాని కాఫర్ డ్యాం ఖాళీల్లోంచి పోవాల్సి వచ్చింది. దారి ఇరుకైతే నీటి వేగం పెరుగుతుంది. ఇసుక కోసుకుపోయి పెద్ద పెద్ద గుంతలు పడ్డాయి, గోడ కొన్ని చోట్ల దెబ్బతింది. నదిని స్పిల్‌వే మీదుగా మళ్లించింది 2021 జూన్‌లో. దెబ్బతిన్న గోడని బాగుచేయాలా, కొత్తది కట్టాలా అన్న చర్చ ఏళ్ల తరబడి సాగింది. చివరికి పాతదానికి సమాంతరంగా కొత్త గోడ పని 2025 జనవరిలో మొదలైంది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. గోడ పని విడిగా చూస్తే పూర్తయిన పనే. గోడ అయిందా అని అడిగితే అయింది. దాన్ని వరదలో వదిలేయొచ్చా అని అడిగితే జవాబు వేరు. మీ సంతకం కాగితంలో కూడా ఈ రెండు ప్రశ్నలూ విడివిడిగా ఉండాలి. ఈ ఫేజులో చేయాల్సింది చేశామా? తర్వాతి ఫేజుని నిలబెట్టడానికి కావలసినవన్నీ సిద్ధంగా ఉన్నాయా? రెండోది ఎవరూ అడగరు.

నిర్వాహకులు

పోలవరం మీద ఏ ప్రభుత్వానిది తప్పు అనే పోస్టులు రెండు తొలగించాం. దానికి వేరే చర్చ ఉంది, అక్కడ రాయండి. ఇక్కడ పని క్రమం గురించే మాట్లాడుకుందాం.

మానేరు

గోదారి గారూ, బాగా చెప్పారు, కానీ కాంక్రీటుతో కోడ్‌ని పోల్చలేం. గోడ పగలగొట్టి కట్టడానికి ఏళ్లు పడుతుంది. కోడ్ మార్చడానికి ఒక పూట చాలు.

పాతకాపు

స్క్రీన్ మార్చడానికి ఒక పూట చాలు, నిజం. డేటా నిర్మాణం మార్చడానికి చాలదు. బ్యాంకు పని మొదలయ్యాక అందులో లక్షల ఖాతాలు ఉంటాయి. పాత లోన్‌లో నగల బరువు విడివిడిగా రాయలేదనుకోండి, కొత్త పట్టిక పెట్టినా దాన్ని దేనితో నింపుతారు? సంచులు విప్పి మళ్లీ తూకం వేయాలి. అప్పుడు అది కాంక్రీటు కన్నా గట్టిది.

అందుకే నేను ఏది ఫేజుల్లో చేయాలి, ఏది తిరిగి తిరిగి చేయాలి అన్నది ఒకే ప్రశ్నతో తేల్చుకుంటాను: ఇది తప్పయితే వెనక్కి రావడానికి ఎంతవుతుంది? వడ్డీ నియమాలు, ఖాతాల నిర్మాణం, పాత డేటా తరలింపు వరసగానే వెళ్లాలి, ఒక్కోదాని తలుపు మూసి ముందుకు కదలాలి. స్క్రీన్లు, రిపోర్టులు మీరన్నట్టు రెండు వారాల చక్రంలో తిప్పొచ్చు. ఒక ప్రాజెక్టులో రెండూ ఉండొచ్చు, తప్పేం లేదు.

క్యూఏ_జీడిమెట్ల

మందుల కంపెనీలో వాలిడేషన్, అంటే యంత్రాలు సరిగ్గా పనిచేస్తున్నాయని పరీక్షించి రుజువు చేసే పని చూస్తాను. మా దగ్గర కొత్త యంత్రం వస్తే ముందు ఐక్యూ: సరిగ్గా బిగించారా? తర్వాత ఓక్యూ: ఖాళీగా తిప్పితే చెప్పినట్టు నడుస్తోందా? ఆఖరున పీక్యూ: అసలు సరుకుతో నడిపినా అదే నాణ్యత వస్తోందా? ఐక్యూలో ఏదైనా లోపం సరిచేయకుండా మిగిలి ఉంటే అది మూసేదాకా ఓక్యూకి వెళ్లం. వెళ్లాల్సి వస్తే, ఆ లోపం తర్వాతి పరీక్షని ఎందుకు తాకదో కారణం రాసి, క్యూఏ (నాణ్యత చూసే విభాగం) సంతకం చేయాలి.

ఫేజులు కాస్త ఒకదాని మీద ఒకటి ఎక్కడం అసలే కూడదని కాదు. కొవాగ్జిన్ చూడండి, హైదరాబాద్‌లోనే తయారైంది. 25,800 మందితో మూడో దశ ట్రయల్ నడుస్తుండగానే, దాని ఫలితం రాకముందే 2021 జనవరి 3న అత్యవసర అనుమతి ఇచ్చారు. అప్పట్లో దాని మీద శాస్త్రవేత్తల్లో పెద్ద చర్చ జరిగింది. నా అభిప్రాయంలో ఆ చర్చ జరగాల్సిందే. కానీ అనుమతిలో ఒక షరతు ఉంది: క్లినికల్ ట్రయల్ పద్ధతిలోనే, జాగ్రత్తలతో వాడాలి అని. ట్రయల్ ఆపలేదు. 77.8 శాతం సామర్థ్యం అన్న ఫలితం ఆ ఏడాది మధ్యలో వచ్చింది. అంటే తలుపు పూర్తిగా మూయకుండా ముందుకెళ్లారు గానీ, మూయలేదన్న సంగతి అందరికీ తెలిసేలా కాగితం మీద పెట్టారు.

మీరు కూడా అసంపూర్ణంగా ముందుకెళ్లాల్సి వస్తే అలాగే వెళ్లండి. "తర్వాత ఖరారు" అని రాసి వదిలేయడం మాత్రం వద్దు.

సూళ్లూరుపేట_వాసి

చిన్న మాట. 2019 జూలై 15 తెల్లవారుజామున షార్‌లో చంద్రయాన్-2 ప్రయోగం చూడటానికి మా ఊరంతా మేల్కొని ఉంది. రాష్ట్రపతి స్వయంగా వచ్చి ఉన్నారు. 56 నిమిషాల ముందు లోపం కనబడి ఆపేశారు. అందరం నిరాశపడ్డాం. జూలై 22న ఎగిరింది. క్వార్టర్ ముగింపు ఒత్తిడి అంటున్న మీ మేనేజర్‌కి ఇది చెప్పండి. అంత పెద్దల ముందే ఆపగలిగారు.

టెస్ట్‌కేస్

ఇప్పటిదాకా ఎవరూ టెస్టింగ్ వాళ్ల వైపు నుంచి మాట్లాడలేదు, నేను మాట్లాడతాను. ఫేజుల ప్రాజెక్టులో ముందు ఫేజులు ఎంత ఆలస్యమైనా చివరి తేదీ కదలదు. నలిగిపోయేది టెస్టింగే. అమెరికాలో 2013 అక్టోబరు 1న మొదలైన ఆరోగ్య బీమా వెబ్‌సైటు అందరికీ తెలిసిందే. వేర్వేరు కంపెనీలు చేసిన భాగాలన్నీ కలిపి మొదటినుంచి చివరిదాకా పరీక్షించింది ప్రారంభానికి రెండు వారాల ముందు మాత్రమేనని కాంట్రాక్టర్లే అక్కడి కాంగ్రెస్ ముందు చెప్పారు. మొదటి రోజు బీమాలో చేరగలిగింది ఆరుగురు.

పెన్నాతీరం గారూ, మీ టెస్టర్లని ఈ రోజే పిలవండి. నాలుగో ఫేజు దాకా ఆగొద్దు. అవసరాల డాక్యుమెంటులో ప్రతి నియమానికీ పక్కనే ఒక పరీక్ష రాయించండి, అంకెలతో సహా. "గడువులోపు కడితే వడ్డీ రాయితీ వర్తిస్తుంది" అని ఉంటే సరిపోదు. "ఫలానా తేదీన 1,00,000 రుణం, గడువు ఆదివారం పడింది, సోమవారం కట్టాడు, వడ్డీ ఎంత?" అని రాయాలి. బ్యాంకు వాళ్లు జవాబు చెప్పలేకపోతే ఆ నియమం ఇంకా తేలలేదన్నమాట. మా టీమ్‌లో ఇలా చేసినప్పుడు రాయడానికి వీలుకాని పరీక్షలే మంచి తప్పుల్ని పట్టించాయి. కోడ్ ఒక్క లైను కూడా రాయకముందే.

పెన్నాతీరం

ఇది వెంటనే మొదలుపెడతాను. మరి బిల్లు సంగతి? మేనేజర్‌కి సమాధానం చెప్పాలి కదా.

డల్లాస్_తెలుగు

నేను క్లయింట్ వైపు కూర్చుని వెండర్ల పని ఒప్పుకునే ఉద్యోగంలో ఉన్నాను, కాబట్టి ఇది చెప్పగలను. క్లయింట్‌కి అసలు కోపం వచ్చేది పని కాలేదని చెప్పినప్పుడు కాదు. సంతకం పెట్టించుకుని, మూడు నెలల తర్వాత "ఇది డాక్యుమెంటులో లేదు, మార్పుకి అదనంగా డబ్బివ్వండి" అన్నప్పుడు. మీ బ్యాంకు చిన్నది, అలా అంటే గొడవ హెడ్డాఫీసుతో ఆగదు, బోర్డు మీటింగుదాకా వెళ్తుంది.

షరతులతో కూడిన సంతకం అడగండి. తేలిన భాగాలకి, అంటే డిపాజిట్లు, సేవింగ్స్, సభ్యుల వివరాలకి ఇప్పుడే సంతకం, ఇప్పుడే బిల్లు. బంగారం, పంట రుణాలు విడిగా ఒక జాబితా. ప్రతి అంశానికీ ఎవరు తేల్చాలి, ఏ తేదీలోపు, అది తేలేదాకా డిజైన్‌లో ఏ భాగం ముట్టుకోకూడదు. ఆ జాబితా పూర్తయితే మిగతా బిల్లు. మీ మేనేజర్‌కి క్వార్టర్లో కొంత డబ్బు కనిపిస్తుంది, బ్యాంకు వాళ్లకీ మీరు దాచలేదని తెలుస్తుంది. నేనైతే అలాంటి కాగితం మీద సంతోషంగా సంతకం పెడతాను.

పెన్నాతీరం

అప్‌డేట్ ఇస్తానని అనుకున్నవాళ్లకి: ఈ వారం రెండు శాఖలకి వెళ్లాం. కౌంటర్లో అడగ్గానే హారం, గాజుల కథ అక్షరాలా లెడ్జర్ గారు చెప్పినట్టే చెప్పారు. దానితోపాటు ఖాతాదారు చనిపోతే వారసులకి నగలు ఇచ్చే పద్ధతి, కాగితాల జాబితా కూడా రాసుకున్నాం. డాక్యుమెంటులో దాని ఊసే లేదు.

డల్లాస్ గారి పద్ధతి మేనేజర్ ముందు పెట్టాను. మొదట ఒప్పుకోలేదు. టెస్టర్లు రాసిన ప్రశ్నల్లో బ్యాంకు వాళ్లు జవాబు చెప్పలేనివి వరసగా చూపించాక "సరే, రెండు భాగాలుగా బిల్లు అడుగుదాం" అన్నారు. బ్యాంకు జనరల్ మేనేజర్ కూడా ఒప్పుకున్నారు. నగలకి విడి పట్టిక డిజైన్‌లోకి వచ్చింది. స్క్రీన్లూ రిపోర్టులూ మానేరు చెప్పినట్టు రెండు వారాలకోసారి ఒక శాఖలో చూపిస్తున్నాం.

ఇంకొక్కటి అడగాలి. పాత డేటా తరలింపు మా ప్లాన్‌లో ఐదో ఫేజులో ఉంది. అక్కడే ఉంచొచ్చా?

పాతకాపు

వద్దు. తరలింపు అమలు ఐదో ఫేజులో ఉండనివ్వండి గానీ, రిహార్సల్ ఇప్పుడే మొదలుపెట్టండి. ఒక చిన్న శాఖ డేటా కాపీ తీసుకుని, మీ డ్రాఫ్ట్ పట్టికల్లోకి ఎక్కించి చూడండి. పుట్టిన తేదీ లేని ఖాతాలు, ఒకే మనిషికి మూడు సభ్యత్వ నంబర్లు, క్లోజ్ అయినా బాకీ చూపించే లోన్లు, అన్నీ అక్కడ బయటపడతాయి. రాయిస్ చెప్పిన నమూనా మీ ప్రాజెక్టులో ఇదే అవ్వాలి. ఆ శాఖ మొత్తం బాకీ పాత సిస్టమ్‌లో, కొత్త పట్టికల్లో పైసలతో సహా కలిసేదాకా డిజైన్ ఫేజుకి సంతకం అడగకండి.

లెడ్జర్

ఆ శాఖని ఎంచుకునేటప్పుడు బంగారు రుణాలు ఎక్కువున్నది చూసుకోండి బాబూ. మార్చి 31 లెక్కలు మూసిన తర్వాతి డేటా తీసుకోండి, అప్పటికి రిజిస్టర్లూ కంప్యూటరూ ఒకసారి సరిచూసి ఉంటారు. శాఖలో పాత గుమాస్తా ఎవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. పెన్నుతో రాసిన ఆ గీతలు ఏ లోన్‌కి ఏ లోన్‌తో సంబంధమో చెప్పగలిగేది వాళ్లే.